నది మోడల్ మీద ప్రొజెక్టర్‌తో వరద చూపించాలి: ఇసుకా, గట్టి మోడలా, అసలు స్క్రీనే మేలా?

పటంపురుగు

అందరికీ నమస్తే. ఒక నది పరీవాహక ప్రాంతం మొత్తాన్ని టేబుల్ మీద ఎత్తుపల్లాలతో మోడల్‌గా చేసి, పైన ప్రొజెక్టర్ బిగించి, వాన ఎక్కడ పడింది, నీరు ఎటు దిగింది, ఏ పల్లపు ప్రాంతాలు మునిగాయి అన్నది ఆ మోడల్ మీదే కదిలే బొమ్మగా వేయాల్సిన పని నా మీద పడింది. చూడబోయేవాళ్లు నిపుణులు కారు, పిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా ఎవరైనా వస్తారు. కాగితం మీద పటం పెడితే చాలామందికి కాంటూర్ రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) తలకెక్కవు, పైన కొండల్లో పడిన వానకీ రెండు రోజుల తర్వాత కింద మైదానంలో వచ్చిన వరదకీ ఉన్న సంబంధం ఎంత చెప్పినా కళ్ల ముందు కనపడదు. అదొక్కటి చూపించగలిగితే నాకు చాలు.

కొలతలు చెప్తాను. ప్రాంతం 60 కి.మీ. పొడవు, 40 కి.మీ. వెడల్పు. టేబుల్ 120 × 80 సెం.మీ., అంటే స్కేల్ 1:50,000. అన్నిటికన్నా ఎత్తైన కొండకీ దిగువ మైదానానికీ తేడా 900 మీటర్లు. పటాలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ రోజూ వాడతాను కాబట్టి డేటా వైపు భయం లేదు, చేత్తో చేసే పని, ప్రొజెక్టర్ పని మాత్రం బొత్తిగా కొత్త.

చేత్తో ఇసుక జరుపుతుంటే రంగులు మారిపోయే పెట్టెల వీడియోలు చూశాను, అలాంటిది చేయాలా, లేక గట్టి మోడల్ చేయించాలా? ఎత్తు ఎంత పెంచి చూపించాలి, పెంచితే తప్పు చెప్పినట్టు కాదా? ప్రొజెక్టర్ బొమ్మ కొండల మీద సరిగ్గా కూర్చోవాలంటే ఏం చేయాలి? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త విడమర్చి చెప్పండి.

ఎత్తుపల్లం

ముందు ఇసుక సంగతి తేల్చేద్దాం, మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మీరు చూసింది ఏఆర్ శాండ్‌బాక్స్ అయి ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో ఆలివర్ క్రేలోస్ రాసిన సాఫ్ట్‌వేర్ అది, 2012లో దాని వీడియో బయటికొచ్చాక ప్రపంచమంతా పాకింది, ఉచితం, లినక్స్ మీద నడుస్తుంది. పైనున్న కినెక్ట్ కెమెరా ఇసుక ఎత్తును ఆగకుండా కొలుస్తూ ఉంటుంది, ప్రొజెక్టర్ ఆ ఎత్తుకు తగ్గ రంగులూ కాంటూర్లూ వేస్తుంది. ఇసుకకి పైన అరచేయి చాచి పట్టుకుంటే అక్కడ వాన కురుస్తుంది. ఆ నీరు ముందే గీసి పెట్టిన బొమ్మ కాదు, లోతు తక్కువ నీటి ప్రవాహానికి వాడే సెయింట్ వెనాంట్ సమీకరణాలను గ్రాఫిక్స్ కార్డ్ అప్పటికప్పుడు లెక్కకడుతుంది, అందుకే మీరు వేలితో ఒక కాలువ తవ్వితే నీళ్లు వెంటనే దారి మార్చుకుంటాయి. అది చూసిన పిల్లలు ఆ పెట్టె వదలరు.

కానీ మీకు అది సరిపోదు అని నా అభిప్రాయం. ఇసుకపెట్టె నేర్పేది "కొండ అంటే ఇలా, లోయ అంటే ఇలా, నీరు ఇలా పారుతుంది" అనే సాధారణ సూత్రం. మీకు కావాల్సింది ఒక ఫలానా నది. 1:50,000లో మీ 900 మీటర్ల కొండ 1.8 సెం.మీ. మాత్రమే ఉంటుంది. అంత చిన్న ఆకారాన్ని ఇసుకలో చేత్తో తేలేరు, తెచ్చినా కినెక్ట్ కొలతలో కొన్ని మిల్లీమీటర్ల ఊగిసలాట ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మీ ఉపనదుల లోయలన్నీ ఆ ఊగిసలాటలోనే మునిగిపోతాయి. పైగా కినెక్ట్ తయారీ 2017లోనే ఆపేశారు, పాత సరుకు వెతుక్కోవాలి.

నిజమైన ప్రదేశాన్నీ చేత్తో మార్చడాన్నీ కలపాలంటే నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల టాంజిబుల్ ల్యాండ్‌స్కేప్ చూడండి. అచ్చుతో ఇసుకని నిజమైన నేల ఆకారంలోకి నొక్కి మొదలుపెడతారు, వెనకాల గ్రాస్ జీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ నడుస్తుంటుంది. ఇక్కడ ఒక చెరువు కడితే, ఇక్కడ కట్ట వేస్తే ఏమవుతుంది అని నలుగురూ కూర్చుని మాట్లాడుకునే పనికి అది బ్రహ్మాండం. అదీ చిన్న ప్రాంతానికే బాగుంటుంది, 60 కి.మీ. నదికి కాదు.

అందుకని గట్టి మోడలే చేయించండి. ఎత్తు మూడు రెట్లు పెంచండి. 1.8 సెం.మీ. కాస్తా 5.4 అవుతుంది, కంటికి ఆనుతుంది.

రంపంపొట్టు

ఎత్తుపల్లం గారితో ఏకీభవిస్తున్నా. తయారీ సంగతి నేను చెప్తా.

డేటాకి కోపర్నికస్ డీఈఎం (నేల ఎత్తుని గడీ గడీగా ఇచ్చే డేటా) 30 మీటర్ల గడీది తీసుకోండి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజులు తిరిగి కొలిచిన ఎస్ఆర్‌టీఎం కూడా ఉంది కానీ ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు కోపర్నికస్‌తో మొదలుపెట్టడమే మంచిది. మీ స్కేల్‌లో 30 మీటర్లంటే మోడల్ మీద 0.6 మి.మీ., కాబట్టి గళ్లు కంటికి కనపడవు. అదే 1:10,000 మోడల్ అయితే ప్రతి గడీ 3 మి.మీ. వచ్చి మెట్లు మెట్లుగా ఉండేది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే ఈ డేటాలో చెట్లూ భవనాలూ కూడా నేలలో కలిసిపోయి ఉంటాయి. ఎత్తు మూడు రెట్లు చేసేసరికి ఆ గరుకంతా మొటిమల్లా లేస్తుంది. క్యూజీఐఎస్‌లోనే కొంచెం నునుపు చేసి, అప్పుడు డీఈఎంటూత్రీడీ ప్లగిన్‌తో ఎస్‌టీఎల్ (త్రీడీ ఆకారం) ఫైల్ తీయండి. నునుపు మరీ ఎక్కువ చేస్తే గట్లు అరిగిపోతాయి, కొండ అంచు పదును పోనివ్వకండి, మనిషి కన్ను మొదట పట్టుకునేది ఆ అంచునే.

పలకలు పేర్చే పద్ధతి మీకు వద్దు. 3 మి.మీ. రేకులు లేజర్‌తో కోసి ఒకదాని మీద ఒకటి అంటిస్తే 5.4 సెం.మీ.కి 18 మెట్లు వస్తాయి, అంటే ఒక్కో మెట్టు 50 మీటర్లు. మీ మైదానం మొత్తం ఒకే రేకులో చప్పగా పడి ఉంటుంది.

త్రీడీ ప్రింట్ అయితే 20 సెం.మీ. మంచం (ముక్క తయారయ్యే పలక) ఉన్న ప్రింటర్‌లో 24 ముక్కలు అవుతాయి. 0.2 మి.మీ. పొరతో వేస్తే పొరకి దాదాపు 3.3 మీటర్ల ఎత్తు, వివరం బాగుంటుంది. బాధంతా అతుకులతోనే. ముక్కల మూలలు లేచిపోయి వెంట్రుకంత సందు వచ్చినా, పైనుంచి ప్రొజెక్టర్ కాంతి పడగానే ఆ సందు నల్లటి గీతలా కనపడుతుంది, జనం దాన్ని కాలువ అనుకుంటారు. అందుకే నేను సీఎన్‌సీ మిల్లింగ్ (కంప్యూటర్ నడిపే యంత్రంతో చెక్కడం) వైపే మొగ్గుతాను. గట్టి ఫోమ్ దిమ్మ లేదా ఎండీఎఫ్ చెక్క, ఒకటి రెండు పెద్ద ముక్కల్లో అయిపోతుంది. చివరి కోతకి గుండ్రటి మొన ఉన్న 3 మి.మీ. బిట్ వాడితే, అంతకంటే ఇరుకైన లోయలు కోతకి అందవు. 3 మి.మీ. అంటే నేల మీద 150 మీటర్లు. కాబట్టి ఉపనదుల గాడి చెక్కించాలని పట్టుపట్టకండి, లోయ వంపు ఉంటే చాలు, నది గీతని ప్రొజెక్టర్ వేస్తుంది.

రంగు మ్యాట్ తెలుపు లేదా చాలా లేత బూడిద. మెరుపు అస్సలు ఉండకూడదు, మెరిస్తే ప్రొజెక్టర్ లైటు ఒకచోట చుక్కలా తళుక్కుమని చూసేవాళ్ల కంట్లో కొడుతుంది.

తెరముందు

నేనొకటి అడుగుతా, తప్పుగా అనుకోకండి. ఇంత కష్టం ఎందుకు? పెద్ద టచ్ స్క్రీన్ పెట్టి అందులో త్రీడీ పటం ఇస్తే వేలితో తిప్పుకుంటారు, దగ్గరికి లాక్కుంటారు, కొత్త డేటా వస్తే మార్చేయొచ్చు. మోడల్ ఒకసారి కోశాక ఇంకేం మార్చలేరు. దుమ్ము పడుతుంది, మూల విరుగుతుంది, ప్రొజెక్టర్ కదిలితే మళ్లీ మొదటికి. స్క్రీన్‌కి ఇవేవీ ఉండవు. పనిచేసేది కావాలా, చూడ్డానికి గొప్పగా ఉండేది కావాలా అని ముందు తేల్చుకోవాలి కదా.

ఎత్తుపల్లం

తెరముందు గారూ, న్యాయమైన ప్రశ్న, చాలా చోట్ల నిజంగానే స్క్రీన్ చాలు. ఒక్క మనిషి కూర్చుని చూసుకునేదైతే నేనూ స్క్రీనే పెట్టమంటా.

తేడా నలుగురు చేరినప్పుడు వస్తుంది. స్క్రీన్ ముందు పదిమంది నిలబడితే తిప్పేది ఒక్కరే, మిగతా తొమ్మిదిమంది ఆ ఒక్కరు చూపించింది చూడాలి. టేబుల్ చుట్టూ అయితే ఎవరి వైపు నుంచి వాళ్లు చూస్తారు, వంగి చూస్తారు, కొండ వెనకాల ఏముందో పక్కకి నడిచి చూస్తారు, అటువైపున్న మనిషికి వేలు పెట్టి చూపిస్తారు. మొత్తం నది కనపడుతూనే ఉంటుంది, ఒక లోయలోకి తొంగిచూసినా మిగతాది మాయమవదు. స్క్రీన్‌లో దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మొత్తం పోతుంది, వెనక్కి వస్తే వివరం పోతుంది, కొత్తవాళ్లు రెండు నిమిషాల్లో ఎక్కడున్నామో మర్చిపోతారు. పటాలు చదవడం రానివాళ్లకి ఇదే అసలు అడ్డంకి.

2002లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు ఇల్యూమినేటింగ్ క్లే అని ఒకటి చేశారు. మెత్తటి మట్టి మోడల్, పైన లేజర్ స్కానర్, ప్రొజెక్టర్. మట్టిని వేలితో నొక్కితే నీడలూ వాలులూ నీటి దారులూ మళ్లీ లెక్కకట్టి ఆ మట్టి మీదే వేసేది. ల్యాండ్‌స్కేప్ డిజైన్ చేసేవాళ్లు ఎలాగూ మట్టితో మోడళ్లు చేసుకుంటారు, కంప్యూటర్‌లో లెక్కలూ చేసుకుంటారు, ఆ రెండూ వేర్వేరు గదుల్లో ఉండిపోకుండా ఒకే చోటికి తేవడమే వాళ్ల ఉద్దేశం.

మారేదాన్ని కాంతికి వదిలెయ్యాలి, మారనిదాన్ని మాత్రమే గట్టిగా కొయ్యాలి. కొండలు మన జీవితకాలంలో మారవు. వాన, వరద, పంటలు, రోడ్లు మారతాయి. ఈ గీత సరిగ్గా గీసుకుంటే "కోశాక మార్చలేం" అన్న బాధ ఉండదు.

కిరణం

ప్రొజెక్టర్ ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు, పని చెడేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

మీ టేబుల్ నిష్పత్తి 3:2. మామూలు 16:9 ప్రొజెక్టర్‌తో 80 సెం.మీ. వెడల్పు నింపాలంటే బొమ్మ 142 సెం.మీ. పొడవు పోతుంది, రెండు పక్కలా వృథా. 1920 × 1200 ఉన్నది తీసుకోండి, 128 సెం.మీ.తో సరిపోతుంది, ఒక్కో పిక్సెల్ 0.67 మి.మీ., అంటే నేల మీద 33 మీటర్లు. మీ డేటా గడీ 30 మీటర్లు కాబట్టి రెండూ దాదాపు సరిసమానం. ఇంతకంటే ఖరీదైన ప్రొజెక్టర్ పెట్టినా కొత్తగా కనపడేదేమీ ఉండదు.

వెలుతురు గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. 3000 ల్యూమెన్స్ కాంతి ఒక చదరపు మీటరు మీద పడుతోంది, అంటే 3000 లక్స్ దగ్గర. గదిలో లైట్లు 300 నుంచి 500 లక్స్ ఉన్నా బొమ్మ నిలబడుతుంది. టేబుల్‌కి సరిగ్గా పైనున్న లైట్లు మాత్రం ఆర్పేయండి.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది పటాన్ని పూర్తి స్క్రీన్‌లో పెట్టి, నాలుగు మూలలూ మోడల్ మూలలకి లాగి కలిపేసి పని అయిపోయిందనుకుంటారు. చదునైన బల్లకి అది చాలు. కొండలున్న మోడల్‌కి చాలదు. ప్రొజెక్టర్ కాంతి ఒక బిందువు నుంచి ఏటవాలుగా వస్తుంది. మీ మోడల్ అడుగు నుంచి 200 సెం.మీ. ఎత్తులో లెన్స్ ఉందనుకోండి, మధ్య నుంచి 50 సెం.మీ. దూరంలో 5.4 సెం.మీ. కొండ ఉందనుకోండి. ఆ శిఖరం మీద పడాల్సిన కిరణం, కొండ లేకపోతే 1.4 సెం.మీ. అవతల పడేది. అంటే నాలుగు మూలలు పర్ఫెక్ట్‌గా కలిపినా శిఖరం దగ్గర బొమ్మ 1.4 సెం.మీ. జరిగి ఉంటుంది, నేల మీద అది దాదాపు 700 మీటర్లు. నది కొండ ఎక్కుతుంది. జనం కళ్లు దాన్ని వెంటనే పట్టేస్తాయి, మోడల్ మీద నమ్మకం అక్కడే పోతుంది. గదిలో ఎత్తు లేదని షార్ట్ త్రో ప్రొజెక్టర్ (దగ్గర్నుంచే పెద్ద బొమ్మ వేసేది) తెచ్చి 64 సెం.మీ. పైనుంచి వేశారంటే అదే శిఖరం దగ్గర తేడా 4.6 సెం.మీ. అవుతుంది, పైగా కొండల అవతలి వాలు నీడలో పడుతుంది. కాబట్టి పైకప్పు అనుమతించినంత పైకి వెళ్లండి. త్రో రేషియో (లెన్స్ దూరాన్ని బొమ్మ పొడవుతో భాగిస్తే వచ్చేది) 1.5 చుట్టుపక్కల ఉన్న మామూలు లెన్స్ మీకు సరిగ్గా సరిపోతుంది.

తేడా సరిదిద్దడానికి దారి ఒకటే. బ్లెండర్‌లోనో యూనిటీలోనో (రెండూ త్రీడీ సాఫ్ట్‌వేర్లే), మిల్లింగ్‌కి పంపిన అదే ఎస్‌టీఎల్ తెరవండి. దాని మీద మీ పటాన్ని నిట్టనిలువుగా పరిచేయండి. ఆ తర్వాత అసలు ప్రొజెక్టర్ ఎక్కడుందో సరిగ్గా అక్కడ, అదే కోణంలో, అదే లెన్స్ లెక్కతో ఒక కెమెరా పెట్టండి. ఆ కెమెరాకి కనపడిన బొమ్మనే ప్రొజెక్టర్‌కి పంపితే ప్రతి పిక్సెల్ తన చోటికి వెళ్లి కూర్చుంటుంది. కెమెరా స్థానం టేపుతో కొలిస్తే సరిపోదు. మోడల్ మీద ముందే తెలిసిన బిందువులు కొన్ని తీసుకుని, ప్రొజెక్టర్‌లో ఒక ప్లస్ గుర్తుని ఒక్కో బిందువు మీదికి జరిపి ఆ పిక్సెల్ సంఖ్య రాసుకోవాలి. లెక్క ప్రకారం కనీసం ఆరు కావాలి, పది పన్నెండు తీసుకుంటే నిశ్చింత. అన్నీ మైదానంలోనే తీసుకుంటే లెక్క తెగదు, కొన్ని శిఖరాల మీద, కొన్ని లోయల్లో ఉండాలి. ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్ మిగతా లెక్క చూసుకుంటుంది.

ఇంకొకటి, ప్రొజెక్టర్ని నేలవైపు తిప్పి బిగించడం అన్ని మోడళ్లకీ సరిపడదు, దీపం వేడెక్కి చెడిపోతుంది. ఏ కోణంలోనైనా పెట్టొచ్చని మాన్యువల్‌లో రాసి ఉన్న లేజర్ రకం తీసుకోండి. ఫోకస్ మైదానానికీ శిఖరానికీ మధ్య ఎత్తులో పెట్టండి.

నీటిలెక్క

అందరూ బాగా చెప్పారు. కానీ వరద అనే మాట దగ్గర నాకు ఒక పెద్ద అభ్యంతరం ఉంది, పటంపురుగు గారు మోడల్ ఆర్డర్ ఇచ్చేముందు ఇది ఆలోచించాలి.

మైదానంలో 5 మీటర్ల నీళ్లు నిలిచాయంటే అది ఘోరమైన వరద. 1:50,000లో 5 మీటర్లు 0.1 మి.మీ., మూడు రెట్లు పెంచినా 0.3 మి.మీ. మందపాటి కాగితం అంత. మునిగే నేలకీ మునగని నేలకీ మధ్య తేడా మీ మోడల్ మీద చేత్తో తడిమినా తెలియదు. అంటే మోడల్ కొండలని గొప్పగా చూపిస్తుంది, మనుషులు మునిగేచోట మాత్రం చప్పగా ఉంటుంది. పైగా ఆ 30 మీటర్ల డేటాలో ఎత్తు పొరపాటే కొన్ని మీటర్లు ఉంటుంది, ఆ డేటా తీసుకుని "నీటిమట్టం ఇంత పెరిగితే ఇక్కడిదాకా వస్తుంది" అని టబ్బులో నీళ్లు నింపినట్టు నీలం రంగు పరిచేస్తే అది ఉత్త ఊహే అవుతుంది. నిజమైన ఊళ్ల మీద అలా వేయకండి, చూసినవాళ్లు తమ ఇల్లు ఎక్కడుందా అని వెతుక్కుంటారు, దాన్ని నమ్మి ఇంటికి వెళ్తారు.

మైదానానికి లైడార్ (లేజర్‌తో కొలిచిన ఎత్తుల) డేటా దొరుకుతుందేమో చూడండి. అమెరికా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ల హెచ్ఈసీ-ఆర్ఏఎస్ అనే వరద లెక్కల సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ముందే లెక్కకట్టి గంటగంటకీ లోతు పటాలు తీసుకుని, వాటిని వరుసగా ఆడించండి. అక్కడికక్కడ లెక్కకట్టే హంగామా మీకు అక్కర్లేదు.

ఎత్తు పెంచడం తప్పా అని అడిగారు కదా. అదే ఆర్మీ కోర్ 1943లో మిసిసిపీ నది మొత్తానికి దాదాపు 200 ఎకరాల్లో కాంక్రీటు మోడల్ కట్టడం మొదలుపెట్టింది, జర్మన్ యుద్ధ ఖైదీల శ్రమతో. అడ్డంగా 1:2000, నిలువుగా 1:100, అంటే ఎత్తు ఇరవై రెట్లు పెంచారు. చూడ్డానికి బాగుండాలని కాదు. నిలువు కూడా 1:2000 పెడితే 10 మీటర్ల లోతు నది 5 మి.మీ. పొరగా మిగిలి, నీళ్లు నదిలా పారవు, తలతన్యత వల్ల అంటుకుని జారతాయి. 1952లో మిస్సోరీ నదికి వరద వచ్చినప్పుడు ఆ మోడల్‌లో నీళ్లు వదిలి చూసి ఎక్కడ ఏం చేయాలో నిర్ణయించారు. సాసలిటోలో 1957 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం మోడల్ కూడా అంతే, అడ్డం 1:1000, నిలువు 1:100, ఒక రోజు ఆటుపోట్లు అందులో 15 నిమిషాల్లో అయిపోతాయి. వాళ్లు ఏం సాగదీశారో ఎంత సాగదీశారో తెలిసి చేశారు. మీరు కూడా మూడు రెట్లు అని టేబుల్ అంచున పెద్ద అక్షరాలతో రాయండి. 15 డిగ్రీల వాలు మీ మోడల్‌లో దాదాపు 39 డిగ్రీలుగా కనపడుతుంది, నడిచి ఎక్కే కొండ గోడలా అనిపిస్తుంది, ఆ సంగతి చెప్పకపోతే మాత్రం అది తప్పే.

పటంపురుగు

ఒక్కొక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. కిరణం గారి 700 మీటర్ల లెక్క చూసి ప్రొజెక్టర్ విషయంలో నా ఆలోచన పూర్తిగా మారింది, మూలలు లాగి కలపడమే నా ప్లాన్ మరి.

నీటిలెక్క గారి 0.3 మి.మీ. మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. చివరికి రెండుగా విడగొడదాం అనుకుంటున్నా. పెద్ద మోడల్ మీద వాన, ఉపనదుల్లో నీరు చేరడం, వరద కెరటం గంటగంటకీ కిందికి దిగడం, అంతే. ముంపు ఎక్కడిదాకా అన్నది దాని మీద చూపించను. మైదానంలో 6 × 4 కి.మీ. ముక్క ఒకటి తీసుకుని పక్కన విడిగా పెడతాను, 60 × 40 సెం.మీ.లో 1:10,000. ఆ ముక్కకి లైడార్ డేటా ఉంది. ఎత్తు పది రెట్లు పెంచితే 5 మీటర్ల నీళ్లు 5 మి.మీ. అవుతాయి, అప్పుడు గట్టు, పల్లం కంటికి కనపడతాయి కదా? ఇది సబబేనా?

ఇంకో ప్రశ్న. కొండల నీడలు కూడా ప్రొజెక్టర్‌తో వేయాలా? నిజమైన కొండలే ఉన్నప్పుడు నీడ గీయడం రెండుసార్లు చెప్పినట్టు అవుతుందేమో. ఊళ్ల పేర్లు ఎక్కడ రాయాలి?

వేలిముద్ర

నీడ విషయం నేను చెప్తాను. వేయండి, కానీ లేతగా. ప్రొజెక్టర్ పైనుంచి సూటిగా కాంతి పోస్తుంది కాబట్టి ఏ వైపూ నీడ పడదు, మధ్యాహ్నపు ఎండలో కొండలాగా మీ మోడల్ చప్పబడిపోతుంది, డబ్బు పోసి చెక్కించిన గట్లన్నీ కనపడకుండా పోతాయి. పటాల్లో వాయవ్యం నుంచి వెలుగు వచ్చినట్టు నీడ వేస్తారు కదా, అదే తీసుకుని మూడో వంతు బలంతో మిగతా రంగుల కింద కలపండి. చదునైన పటం మీద ఆ నీడని తలకిందుల వైపు నుంచి చూస్తే కొండ గుంటలా కనపడే భ్రమ ఉంటుంది, మోడల్‌తో ఆ సమస్య చాలావరకు తగ్గుతుంది, రెండు కళ్లకీ అసలు ఎత్తు తెలుస్తూనే ఉంటుంది.

పేర్లు మోడల్ మీద వీలైనంత తక్కువ. టేబుల్ చుట్టూ జనం ఉంటారు, ఒకవైపు వాళ్లకి నిటారుగా ఉన్న అక్షరం ఎదుటివైపు వాళ్లకి తలకిందులు. వాలు మీద పడిన అక్షరం సాగిపోతుంది కూడా. మీ పిక్సెల్ 0.67 మి.మీ., మన లిపిలో గుడులూ వత్తులూ విడివిడిగా కనపడాలంటే అక్షరానికి కనీసం పాతిక ముప్పై పిక్సెళ్ల ఎత్తు కావాలి, అంటే దాదాపు 2 సెం.మీ. ఒక్కో పేరు ఒక కిలోమీటరు ఎత్తు, నాలుగైదు కిలోమీటర్ల పొడవు నేలని మింగేస్తుంది. నది పేరు, రెండు మూడు పెద్ద ఊళ్ల పేర్లు చాలు. మిగతావి టేబుల్ అంచున చిన్న టచ్ స్క్రీన్ పెట్టి అందులో ఇవ్వండి. అక్కడ ఒక ఊరు నొక్కితే మోడల్ మీద ఆ చోట చుక్క వెలగాలి. రంగుల వివరణ, రోజూ గంటా చూపించే గడియారం, అన్నీ ఆ స్క్రీన్ మీదే. తెరముందు గారు చెప్పిన స్క్రీన్‌కి సరైన చోటు అదే.

చుట్టూ అద్దం పెట్టి తాకనివ్వకుండా చేయకండి, దయచేసి. చూపు లేనివాళ్లకి ఈ మోడల్ ఒక్కటే ఆ నదిని మొత్తంగా తెలుసుకునే దారి. కాంతి వాళ్లకి అందదు, లోయ అందుతుంది. నది గాడిని ప్రొజెక్టర్‌కి వదిలెయ్యమని రంపంపొట్టు గారు అన్నారు, ఒక్క ప్రధాన నదిని మాత్రం వేలి కొనకి తగిలేలా కాస్త వెడల్పుగా, లోతుగా చెక్కించండి. స్కేల్ ప్రకారం అది ఎక్కువే, అయినా చెక్కించాలి. వేలు పెట్టి కొండ నుంచి మైదానం దాకా నడిపించవచ్చు.

తెరముందు

సరే, ఒప్పుకుంటున్నా, మారేది మారనిది అన్న మాట నాకు నచ్చింది. ఆ చిన్న మైదానం ముక్క విషయంలో ఒక సలహా. దానికి పైనుంచి ప్రొజెక్టర్ వద్దు, కింద మానిటర్ పడుకోబెట్టి, పైన పల్చటి తెల్లటి మోడల్ పెట్టండి, కాంతి అందులోంచి పైకి వస్తుంది. చేతి నీడ పడదు, బిందువులు కలపడం దాదాపు అక్కర్లేదు. మందం పెరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, అందుకే కొండలకి ఇది పనికిరాదు. మైదానానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. మానిటర్ వెనక గాలి ఆడే ఖాళీ వదలండి.

నీటిలెక్క

పది రెట్లు సబబే, ముంపు చూపించడానికి అంత కావాలి. రెండు మోడళ్లలో రెండు రకాల సాగదీత ఉంటుంది కాబట్టి పక్కపక్కనే పెట్టినప్పుడు జనం పోల్చి చూస్తారు, చిన్నదాంట్లో గట్టు పెద్దదాంట్లో కొండంత ఉంటుంది. రెండింటి పక్కనా దేని స్కేల్‌కి తగ్గ కొలబద్ద దానికి నిలబెట్టండి, "ఇది 10 మీటర్లు" అని. పెద్దదానికి అది 0.6 మి.మీ., చిన్నదానికి 1 సెం.మీ. తేడా అక్కడే కనపడిపోతుంది. ఇంకో మాట, మైదానం ముక్కలో ఏదైనా నీటిమట్టాన్ని మోడల్ ఎత్తుతో పోల్చి లెక్కకట్టే కోడ్ ఉంటే నీటి ఎత్తుని కూడా పదితో గుణించడం మర్చిపోవద్దు, నేలని పెంచి నీటిని పెంచకపోతే ఊరంతా పొడిగా కనపడుతుంది.

కిరణం

పటంపురుగు గారూ, ఆర్డర్ ఇచ్చేముందు ఒక్కటి చేయండి. నేను చెప్పిన ఆ పది పన్నెండు బిందువులనీ ఎస్‌టీఎల్‌లోనే 1 మి.మీ. గుంటలుగా పెట్టి పంపండి, మిల్లింగ్‌లో అవీ పడిపోతాయి. తర్వాత చేత్తో గుర్తులు పెడితే అవి ఎక్కడ పడ్డాయో ఖచ్చితంగా తెలియదు, కలపడంలో ఆ తేడా అంతా వచ్చి చేరుతుంది. రంగు వేసేటప్పుడు గుంటలు పూడిపోకుండా పల్చగా రెండు పూతలు వేయమనండి. ప్రొజెక్టర్ బిగించే రాడ్డు పైకప్పుకి కాకుండా టేబుల్‌కే అతికి ఉంటే ఇంకా మంచిది, టేబుల్ ఎవరైనా జరిపినా రెండూ కలిసే జరుగుతాయి. అది కుదరకపోతే టేబుల్ కాళ్లని నేలకి బోల్టులతో బిగించేయండి.